ఆర్‌సీ జీరో వచ్చింది, క్లెయిములు రాలేదు: డీబీ2 టేబుల్‌కీ వీసామ్ ఫైల్‌కీ రిలేషన్‌షిప్ కుదిర్చిన ఒక కేసు

ఈ కేసులో ఏదీ పేలలేదు. అందుకే రాసి పెడుతున్నాను. అబెండ్ (జాబ్ మధ్యలో కూలిపోవడం) లేదు, వార్నింగ్ లేదు, జాబ్ లాగ్ నిండా ఆర్‌సీ జీరోలే, అంటే తప్పేమీ లేకుండా ముగిసిందని చెప్పే రిటర్న్ కోడ్ సున్నాలే. అయినా మేం టెస్ట్ రీజియన్‌కి (ప్రోగ్రాములను పరీక్షించే చోటు) పంపిన బీమా పాలసీల్లో దాదాపు మూడో వంతుకు క్లెయిములు చేరలేదు. ఏ రికార్డు దేనికి చెందుతుందో చెప్పడానికి మెయిన్‌ఫ్రేమ్‌లో ఒక టేబుల్‌కీ ఒక ఫైల్‌కీ మధ్య మేం గీసిన గీత, అంటే రిలేషన్‌షిప్, తప్పింది. ఎక్కడ తప్పిందో పట్టుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. సంస్థను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఫీల్డుల పొడవులు, పాలసీ నంబర్లు, లెక్కలు మార్చాను. ఏ మలుపులో ఎందుకు ఏ నిర్ణయం తీసుకున్నామో అది మాత్రం జరిగింది జరిగినట్టే రాశాను.

నేపథ్యం

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో మాదొక చిన్న టెస్ట్ డేటా టీమ్. ఐదుగురం. అందులో ముగ్గురం తెలుగువాళ్లం: నేను, కొత్తగా చేరిన ఒక కడప కుర్రాడు, వారానికి రెండు రోజులు వచ్చే ఒక పెద్దాయన. ఆయన ముప్పై ఏళ్లకు పైగా కోబాల్ భాషలో ప్రోగ్రాములు రాసి రిటైరైన మనిషి. అందరం ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తాం.

క్లయింటు విదేశంలో ఉన్న ఒక జీవిత బీమా సంస్థ. వాళ్ల పాలసీ, కస్టమర్, ఏజెంట్, కవరేజ్, లోన్ వివరాలు డీబీ2 అనే ఐబీఎం డేటాబేస్ టేబుళ్లలో ఉంటాయి. క్లెయిములు ఒక వీసామ్ కేఎస్‌డీఎస్ ఫైల్లో (రికార్డులు కీ వరుసలో ఉండే మెయిన్‌ఫ్రేమ్ ఫైల్), లావాదేవీల చరిత్ర ఒక సీక్వెన్షియల్ ఫైల్లో (మొదటినుంచి వరుసగా చదివే ఫైల్) ఉంటాయి. ఇలా రెండు ఇళ్లలో కాపురం ఎందుకంటే, ఆ సిస్టమ్ అంత పాతది. డీబీ2 1983లో వచ్చింది. రిఫరెన్షియల్ ఇంటెగ్రిటీ, అంటే ఫారిన్ కీని (ఒక టేబుల్లోని రో ఇంకో టేబుల్లో ఏ రోకి చెందుతుందో చెప్పే కాలమ్) డేటాబేసే కాపలా కాయడం, 1988లో వెర్షన్ 2తో గానీ రాలేదు. వీళ్ల మొదటి టేబుళ్లు అంతకుముందువి. కాబట్టి ఏ రికార్డు దేనికి చెందుతుందన్న జ్ఞానం కేటలాగ్‌లో (డీబీ2 తన టేబుళ్ల వివరాలు రాసుకునే చోటు) కొంత, కోబాల్ ప్రోగ్రాముల్లో చాలా ఉంది. పైగా మధ్యలో ఇంకో చిన్న సంస్థను కలుపుకుని దాని పాలసీలను ఇందులోకి కన్వర్ట్ చేశారు. ఈ చివరి మాట మాకు మొదటి రోజు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

మా చేతిలో ఉన్న పనిముట్టు ఆప్టిమ్, సంబంధమున్న రికార్డులను కలిపి తీసే సాఫ్ట్‌వేర్. డీబీ2 కేటలాగ్‌లో రాసి ఉన్న ఫారిన్ కీలను అది తనంతట తానే చదువుకుంటుంది. అక్కడ లేని బంధాలను మనం దాని డైరెక్టరీలో రాసిపెట్టాలి. వీసామ్ ఫైల్ లాంటివాటికి కాపీబుక్‌నూ (రికార్డులో ఏ ఫీల్డు ఎక్కడుందో చెప్పే కోబాల్ వర్ణన) డేటాసెట్ పేరునూ (మెయిన్‌ఫ్రేమ్‌లో ఆ ఫైల్ పేరు) జత చేసి లెగసీ టేబుల్ అని నిర్వచిస్తే, ఆ ఫైల్‌ని కూడా టేబుల్ లాగే చూస్తుంది. అప్పుడు డీబీ2 టేబుల్‌ని పేరెంట్‌గా, దానికి చెందే రికార్డులున్న ఫైల్‌ని చైల్డ్‌గా పెట్టి రెంటి మధ్యా రిలేషన్‌షిప్ గీయొచ్చు. రెండువైపులా కాలమ్ మొత్తం సరిపోవాలని కూడా లేదు. కాలమ్‌లో ముక్క తీసి కలపొచ్చు, రెండు కాలమ్‌లు అతికించి కలపొచ్చు, ఒకవైపు స్థిరమైన విలువ పెట్టొచ్చు. డేటాబేస్ ఫారిన్ కీకి లేని ఈ వెసులుబాటే మాకు సాయం చేసింది. ముందు మమ్మల్ని దారి తప్పించిందీ అదే.

వచ్చిన సమస్య

అడిగింది చిన్న కోరికే: 1,200 పాలసీలు, వాటికి సంబంధించినవన్నీ, ముసుగు వేసి (అసలు వివరాలు గుర్తుపట్టకుండా మార్చి) టెస్ట్ రీజియన్‌లో పెట్టండి. మాకంటే ముందున్న టీమ్ టేబుళ్లను ఆప్టిమ్‌తో తీసి, ఫైళ్లను పాలసీ నంబర్ల జాబితాతో విడిగా సార్ట్ జాబ్‌లో వడకట్టేది. రెండూ వేర్వేరు రాత్రుల కాపీల మీద నడిచేవి. టెస్టర్లు రోజూ పోట్లాట: పాలసీ ఉంటుంది, క్లెయిము ఉండదు, క్లెయిము ఉంటుంది, పాలసీ ఉండదు. టేబుళ్లనూ ఫైళ్లనూ ఒకే నిర్వచనంలో కట్టేసి ఒకే కాపీ నుంచి తీస్తే ఈ గొడవ పోతుందని మాకు అప్పగించారు. ఆ ఆలోచన సరైనదే. ఇప్పటికీ అదే అంటాను.

మొదటి దెబ్బ: వరద

మొదటి ఎక్స్‌ట్రాక్ట్‌లో, అంటే ఆప్టిమ్‌తో డేటా తీసిన మొదటిసారి, 1,200 అడిగితే నాలుగు లక్షల పైచిలుకు పాలసీలు వచ్చిపడ్డాయి. దీని కారణం త్వరగానే దొరికింది. ప్రతి రిలేషన్‌షిప్ దగ్గరా ఆప్టిమ్ రెండు ప్రశ్నలు అడుగుతుంది. చైల్డ్ రో తీసినప్పుడు దాని పేరెంట్‌నీ తేవాలా? అలా వచ్చిన పేరెంట్‌కి ఉన్న మిగతా చైల్డ్ రోలన్నిటినీ తేవాలా? మా కుర్రాడు ఏదీ వదిలిపోకూడదని రెండో ప్రశ్నకు అన్నిచోట్లా అవునని పెట్టాడు. ఒక పాలసీ తన ఏజెంట్‌ని తెచ్చింది. ఆ ఏజెంట్ తను అమ్మిన వందల పాలసీలను తెచ్చాడు. ఆ పాలసీలు తమ కస్టమర్లను, ఆ కస్టమర్లు తమ వేరే పాలసీలను, అవి వేరే ఏజెంట్లను. పెళ్లికి ఒకరిని పిలిస్తే ఊరంతా దిగినట్టు.

అన్నిటికీ కాదు అని మార్చేస్తే పది నిమిషాల పని. కానీ ఒక్కో గీత దగ్గరా కూర్చుని అడిగాం: ఈ పేరెంట్‌కి ఉన్న మిగతా పిల్లలు లేకపోతే ఏ ప్రోగ్రాము తప్పు జవాబిస్తుంది? ఏజెంట్ విషయంలో ఏదీ ఇవ్వదు, కమిషన్ ఈ టెస్టులో లేదు. కాబట్టి కాదు. కస్టమర్ విషయంలో అలా కాదు. ఒక మనిషికున్న పాలసీలన్నిటి మొత్తాన్నీ కలిపి రిస్క్ పరిమితి చూసే ప్రోగ్రాము ఒకటుంది. ఒక పాలసీ తగ్గినా ఆ మొత్తం తప్పుతుంది. కాబట్టి అక్కడ అవును. ఈ రెండు నిర్ణయాలతో నాలుగు లక్షలు 1,900కి దిగింది. ఎక్కువ వచ్చిన ఆ ఏడు వందలూ న్యాయంగా రావలసినవే.

రెండో దెబ్బ: నిశ్శబ్దం

పాలసీ టేబుల్లో పాలసీ నంబరు పది అక్షరాల కాలమ్: మొదటి రెండు కంపెనీ కోడ్, తర్వాతి ఎనిమిది నంబరు. క్లెయిము ఫైల్ కీలో కంపెనీ కోడ్ వేరు ఫీల్డు, ఎనిమిది అక్షరాల నంబరు వేరు ఫీల్డు, ఆ తర్వాత క్లెయిము వరుస సంఖ్య. టేబుల్ వైపు కాలమ్‌ని రెండు ముక్కలు చేసి ఫైల్ వైపు రెండు ఫీల్డులతో కలిపాం. ఆప్టిమ్ ఒప్పుకుంది. జాబ్ నడిచింది.

"అక్కా, ఆర్‌సీ జీరో. క్లెయిములు కూడా వచ్చాయి," అన్నాడు కుర్రాడు. నిజమే, వచ్చాయి. ఎన్ని రావాలో మాత్రం మాలో ఎవరికీ తెలియదు. ఈ కేసులో నా తప్పు సరిగ్గా అక్కడుంది. రావలసిన సంఖ్య ముందే కాగితం మీద పెట్టుకోకుండా, వచ్చిన సంఖ్యను చూసి సరేననుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత ఒక టెస్టర్ ఫోన్ చేసింది. ప్రొడక్షన్‌లో (అసలు పని నడిచే సిస్టమ్‌లో) క్లెయిములున్నాయని తనకు ఖాయంగా తెలిసిన పాలసీని టెస్ట్ స్క్రీన్‌లో తెరిస్తే క్లెయిములు లేవని వస్తోంది. అలాంటివి మరి కొన్ని చూడమన్నాను. సాయంత్రానికి పెద్ద జాబితా పంపింది.

చైల్డ్ రికార్డు లేకపోవడం రిలేషన్‌షిప్ దృష్టిలో నేరం కాదు. క్లెయిము లేని పాలసీలు లోకం నిండా ఉంటాయి. అందుకే సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు. క్లెయిము నిజంగా లేకపోవడమూ, ఉండి కూడా మన గీత దాన్ని చేరకపోవడమూ దానికి ఒక్కటే.

మొదట కాపీల తేడాను అనుమానించాం. పాత టీమ్ జబ్బు అదే కాబట్టి. ఒకే రాత్రి కాపీ నుంచి మళ్లీ తీశాం. ఫలితం మారలేదు. తర్వాత కాపీబుక్ మీదికి పోయాం. పాత వెర్షన్ అయి ఒక ఫీల్డు జరిగి ఉంటే ఇలాగే అవుతుంది. ఆ వీసామ్ ఫైల్‌కి లిస్ట్‌క్యాట్ (ఫైల్ వివరాల జాబితా) తీసి కీ పొడవు, కీ మొదలయ్యే స్థానం కాపీబుక్‌తో పోల్చాం. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. అసలు కాపీబుక్ జరిగి ఉంటే అన్ని పాలసీలూ పోవాలి, మూడో వంతే ఎందుకు పోతుంది? ఈ ప్రశ్న ముందే వేసుకుని ఉంటే ఒక రోజు మిగిలేది.

"రెండువైపులా క్యారెక్టరే అక్కా, పొడవు కూడా ఎనిమిదే," అని కుర్రాడు మూడోసారి అన్నప్పుడు మాస్టారు వెనకనుంచి వచ్చి కుర్చీ లాక్కున్నారు.

"పొడవు సరేనయ్యా, లోపల ఏముందో చూశావా? హెక్స్ ఆన్ కొట్టు."

ఐఎస్‌పీఎఫ్‌లో, అంటే మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైళ్లు తెరిచి చూసే తెరలో, హెక్స్ ఆన్ కొడితే అక్షరాల వెనకున్న అసలు బైట్లు కనిపిస్తాయి: ఒక్కో అక్షరం కింద రెండు వరుసలు పడతాయి. పై వరుసలో బైట్ మొదటి సగం, కింది వరుసలో రెండో సగం. క్లెయిము దొరికిన పాలసీ నంబరు 00512340. పై వరుస ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్, కింది వరుస 00512340. క్లెయిము దొరకని పాలసీ నంబరు 00456789. కింది వరుస 00456789, సరిగ్గా అదే. పై వరుసలో మాత్రం మొదటి రెండు స్థానాల్లో 44, తర్వాత ఎఫ్‌లు. కింది వరుస ఒక్కటే చూసే కంటికి ఏ తేడా కనబడదు. కానీ ఎఫ్0 అంటే సున్నా, 40 అంటే ఖాళీ. ఫైల్లో ఆ పాలసీ నంబరు ముందు సున్నాలు లేవు, ఖాళీలున్నాయి. టేబుల్లో సున్నాలున్నాయి. కలుపుకున్న సంస్థ నుంచి వచ్చిన క్లెయిములన్నీ ఈ రూపంలోనే ఉన్నాయి.

మెయిన్‌ఫ్రేమ్ అక్షరాలకు వాడే ఎబ్సిడిక్ కోడ్ వరుసలో 40 ముందు, ఎఫ్0 తర్వాత. అంటే కేఎస్‌డీఎస్‌లో ఈ ఖాళీల రికార్డులు ఆ కంపెనీ కోడ్ గుంపు తలమీదే కూర్చున్నాయి. ఫైల్‌ని పైనుంచి తెరిచి ఉంటే మొదటి తెరలోనే కనిపించేవి. మేం ప్రతిసారీ మాకు తెలిసిన నంబరుకు దూకి చూశాం, తెలిసినవన్నీ సున్నాలతో ఉన్నవే.

మరి ప్రొడక్షన్‌లో స్క్రీన్ ఎలా పనిచేస్తోంది? మాస్టారు ఆ రోజు ఇంటికి కదల్లేదు. క్లెయిములు చదివే సీఐసీఎస్ (మెయిన్‌ఫ్రేమ్ స్క్రీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) ప్రోగ్రాము మొత్తం చదివారు. రాత్రి ఎనిమిదికి చూపించారు: సున్నాలతో చదివినప్పుడు నాట్‌ఫౌండ్ (రికార్డు దొరకలేదు) వస్తే, ముందున్న సున్నాలను ఖాళీలుగా మార్చే ఒక ఇన్‌స్పెక్ట్ వాక్యం, ఆ తర్వాత రెండో రీడ్. కన్వర్షన్ నాడు ఎవరో పెట్టిన ఒక్క లైను. ఆ టేబుల్‌కీ ఆ ఫైల్‌కీ మధ్య అసలైన రిలేషన్‌షిప్ ఆ లైనే. కేటలాగ్‌లో లేదు, కాపీబుక్‌లో లేదు, మాకిచ్చిన డాక్యుమెంట్లలోనూ లేదు.

ఏ దారి, ఎందుకు

ఫైల్లో ఖాళీలను సున్నాలు చేయండని క్లయింటును అడగొచ్చు. అడిగాం కూడా, వాళ్లు వద్దన్నారు. వాళ్ల మాటలో న్యాయముంది. ఆ ఫైల్‌ని ఇంకెన్ని ప్రోగ్రాములు ఆ రూపంలో నమ్ముకున్నాయో తేల్చకుండా టెస్ట్ డేటా కోసం ప్రొడక్షన్ కీలు మార్చకూడదు.

రెండో దారి చాలా ఆశపెట్టింది. అదే టేబుల్, అదే ఫైల్ మధ్య ఇంకో గీత గీయడం: టేబుల్ వైపు రెండు ఖాళీలను స్థిరమైన విలువగా పెట్టి, దానికి నంబరులో చివరి ఆరు అంకెలను అతికించడం. కుర్రాడు అరగంటలో రాసేశాడు. నడిపితే పోయిన క్లెయిములు వచ్చాయి. వాడి ముఖం వెలిగిపోయింది. నాకూ సంతోషమే. కానీ ఈసారి వచ్చినవాటిని పేరుపేరునా చూశాం. 12456789 నంబరు పాలసీకి కూడా 456789 వాళ్ల క్లెయిము అంటుకుని వచ్చింది. ఆ గీత చివరి ఆరు అంకెల్నే చూస్తోంది, మొదటి రెండూ సున్నాలేనా అని అడగడం లేదు. క్లెయిము పోవడం ఒక తప్పు. ఒకరి క్లెయిము ఇంకొకరి పాలసీకి తగులుకోవడం అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే మొదటిదాన్ని టెస్టర్ గమనిస్తుంది, రెండోదాన్ని గమనించకపోవచ్చు. పైగా ముందున్న సున్నాలు రెండే ఉండాలని లేదు. ఒకటి నుంచి నాలుగు దాకా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో గీత గీస్తూ పోవాలి. ఆ దారి వదిలేశాం.

పనిచేసింది మూడోది. టేబుల్‌నీ ఫైల్‌నీ నేరుగా కలపడం మానేసి మధ్యలో ఒక చిన్న క్రాస్ రిఫరెన్స్ టేబుల్ పెట్టాం. క్లెయిము ఫైల్‌ని డీఎఫ్‌సార్ట్‌తో (ఐబీఎం సార్ట్ పనిముట్టు) ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా చదివి, కీలోని పది బైట్లను ఉన్నవి ఉన్నట్టు ఒక కాలమ్‌లో పెట్టాం. నంబరు ముక్కను యూఎఫ్‌ఎఫ్ ఫార్మాట్‌తో చదివితే ఖాళీలను పట్టించుకోకుండా అంకెలే తీసుకుంటుంది. దాన్ని ఎం11 మాస్క్‌తో ఎనిమిది పొడవుకు సున్నాలు పూరించి, కంపెనీ కోడ్ ముందు పెట్టి రెండో కాలమ్ చేశాం. ఒకే కీ పదేపదే వస్తుంది కాబట్టి సమ్ ఫీల్డ్స్ నన్‌తో ఒక్కోటే ఉంచాం. ఇప్పుడు గీతలు రెండు: పాలసీ నుంచి క్రాస్ రిఫరెన్స్‌కి సరిచేసిన నంబరుతో, అక్కడినుంచి క్లెయిము ఫైల్‌కి అసలు బైట్లతో. ప్రోగ్రాములో దాక్కున్న ఆ ఒక్క లైనును కంటికి కనిపించే, లెక్కపెట్టగలిగే టేబుల్‌గా బయటికి తెచ్చినట్టయింది. ఈ టేబుల్‌ని ఎక్స్‌ట్రాక్ట్ నడిపే ప్రతిసారీ అదే రాత్రి కాపీ నుంచి మళ్లీ కట్టాలి. జాబ్‌లో మొదటి స్టెప్‌గా పెట్టాం, మనిషి గుర్తుపెట్టుకోవలసిన అవసరం లేకుండా.

ముసుగు వేయడం కూడా దీనివల్లే తేలికైంది. కొత్త పాలసీ నంబర్లను మూడో కాలమ్‌గా చేర్చి, టేబుల్ వైపూ ఫైల్ వైపూ అక్కడినుంచే తీసుకున్నాం. ఖాళీలతో ఉన్న కీకి కొత్త నంబరు కూడా ఖాళీలతోనే ఇచ్చాం. అన్నిటినీ శుభ్రంగా సున్నాలు చేసి పంపితే ప్రోగ్రాములోని ఆ రెండో రీడ్ టెస్ట్‌లో ఎప్పటికీ నడవదు.

చరిత్ర ఫైల్

దీని కథ పొట్టిది. ఒకే ఫైల్లో మూడు రకాల రికార్డులు, మొదటి బైట్ రకం చెబుతుంది. 1 ప్రీమియం, 2 చిరునామా మార్పు, 3 లోన్. మేం మొదట కాపీబుక్‌లో పైనున్న వర్ణన ఒక్కటే తీసుకుని అంతా పాలసీ నంబరుతో కలిపాం. రీడిఫైన్స్ (అదే స్థానాన్ని వేరే ఫీల్డులుగా చదివే కోబాల్ వర్ణన) కింద మూడో రకంలో అదే స్థానంలో ఉన్నది పాలసీ నంబరు కాదు, లోన్ నంబరు. రెండూ ఒకే పొడవు అంకెలు కాబట్టి అక్కడక్కడా కాకతాళీయంగా సరిపోయి, సంబంధం లేని లోన్ల చరిత్ర వచ్చిపడింది. క్లెయిము దెబ్బ తిన్నాక కళ్లు తెరుచుకుని చూశాం గనక ఇది ఒక్క పూటలో దొరికింది. ఒకే ఫైల్‌కి మూడు లెగసీ టేబుల్ నిర్వచనాలు రాశాం. ప్రతి రిలేషన్‌షిప్‌లో రికార్డు రకాన్ని స్థిరమైన విలువగా పెట్టాం. మొదటి రెండు రకాలు పాలసీకి పిల్లలు, మూడోది లోన్ టేబుల్‌కి బిడ్డ.

ఇప్పుడు మా పద్ధతి

ఇప్పుడు మా టీమ్‌లో ఏ గీతైనా గీసే ముందు మూల కాపీ మొత్తం మీద రెండు లెక్కలు తీస్తాం: పేరెంట్ దొరకని చైల్డ్ రికార్డులెన్ని, చైల్డ్ లేని పేరెంట్లెన్ని. ఫారిన్ కీ ఉన్న టేబుళ్లకు డీబీ2లోని చెక్ డేటా యుటిలిటీ మొదటిది చూస్తుంది. ఫైళ్లకు ఆ దిక్కు లేదు, మనమే చూడాలి. ఈ కేసులో మొదటి లెక్క తీసి ఉంటే, తల్లి లేని క్లెయిములు వేలల్లో కనపడి తొలిరోజే ఆగేవాళ్లం. సబ్‌సెట్ (మొత్తంలోంచి తీసిన ముక్క) తీశాక లెక్కపెడితే ఇది దొరకదు. తప్పిపోయిన రికార్డు సబ్‌సెట్‌లో ఉండదు కదా, ఎలా లెక్కపెడతాం?

రెండోది, కాపీబుక్ చదివాక ఆ ఫైల్‌ని కీతో చదివే ప్రోగ్రాము కనీసం ఒక్కటి చదవందే రిలేషన్‌షిప్‌కి సంతకం పెట్టను. రీడ్‌కి ముందు కీని ఎలా కడుతున్నారు, దొరక్కపోతే ఏం చేస్తున్నారు అనే రెండు చోట్లు చూస్తే చాలు. మాస్టారికి ఇది చెప్పకుండానే తెలుసు. మా తరానికి గీతలు గీసే తెరలు ముందు పరిచయమయ్యాయి, ప్రోగ్రాములు తర్వాత.

ముప్పై ఏడు పాలసీలు

క్రాస్ రిఫరెన్స్ టేబుల్‌కి లెక్క తీసినప్పుడు ఒక పాలసీకి ఒకే వరుస ఉంటుందనుకున్నాం. 37 పాలసీలకు రెండేసి వచ్చాయి. ముందు మా సార్ట్ కార్డు (సార్ట్‌కి ఇచ్చే ఆదేశాలు) తప్పేమో అనుకుని మళ్లీ చూశాం. తప్పు లేదు. కన్వర్షన్‌కి ముందు ఒక క్లెయిము, తర్వాత ఒక క్లెయిము ఉన్న పాలసీలవి. పాతది ఖాళీలతో, కొత్తది సున్నాలతో.

ఈ మాట వినగానే మాస్టారు ఆ ప్రోగ్రాము మళ్లీ తెరిచారు. ఖాళీలతో చేసే రెండో రీడ్, మొదటిది దొరకనప్పుడే నడుస్తుంది. ఈ 37 మందికి మొదటిది ఎప్పుడూ దొరుకుతుంది. అంటే ప్రొడక్షన్‌లోనే వాళ్ల పాత క్లెయిములు స్క్రీన్ మీద ఎన్నడూ కనపడలేదు. అందులో కొన్ని ఆసుపత్రి రైడర్ (పాలసీకి జోడించే అదనపు కవరేజ్) మీద చేసినవి, జీవితకాల పరిమితి ఉన్నవి.

ఇది మాకు అప్పగించిన పని కాదు. అయినా ఆ రాత్రి కాల్‌లోనే చెప్పేశాం. 37 పాలసీ నంబర్లు, ఒక్కోదానికి రెండు కీల హెక్స్, ప్రోగ్రాములో ఆ లైను ఉన్న చోటు ఒక పేజీలో పెట్టి పంపాం. మూడు వారాల తర్వాత వాళ్లు ప్రోగ్రామును రెండు రూపాల్లోనూ చదివేలా మార్చారు. ఆ మార్పును టెస్ట్ చేయడానికి వాళ్లు అడిగిన డేటా మా కొత్త ఎక్స్‌ట్రాక్ట్ నుంచే వెళ్లింది. 37 పాలసీలు, 74 కీలు. కుర్రాడు పంపే ముందు ఒక్కోటీ హెక్స్‌లో తెరిచి చూశాడు.